ప్రారంభ నిల్వలో ఊరి డబ్బెంత?

మున్సిపాలిటీ బడ్జెట్ పుస్తకం చేతికొస్తే ఎవరైనా మొదట చూసేది ప్రారంభ నిల్వ. ఏప్రిల్ 1 నాటికి ఖాతాలన్నిటిలో కలిపి ఉన్న మొత్తం అది. చిన్న ఊరికైనా కోట్లలోనే కనిపిస్తుంది. "ఇంత డబ్బు పెట్టుకుని మా వీధి డ్రెయినుకు నిధుల్లేవంటారేంటి?" అని కౌన్సిలర్లు అడుగుతారు. పేపర్లోనూ అదే రాస్తారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ అంకెలో ఎవరెవరి డబ్బుందో మాత్రం పుస్తకంలో ఎక్కడా ఉండదు.

గోదావరి డెల్టాలో అర లక్షకు అటూ ఇటూ జనాభా ఉన్న ఒక మున్సిపాలిటీలో నేను అకౌంట్స్ చూస్తాను. 2021 మార్చిలో ఎన్నికలు జరిగి కొత్త కౌన్సిల్ వచ్చింది. అంతకుముందు కొన్నాళ్లు ప్రత్యేకాధికారుల పాలన. 2023-24 బడ్జెట్ తయారీ మొదటినుంచి చివరిదాకా నా చేతికొచ్చింది. అప్పటిదాకా పాత పుస్తకం ముందు పెట్టుకుని ప్రతి పద్దుకీ పదో పరకో శాతం కలిపి కొత్త అంకె వేసే అలవాటు ఆఫీసులో ఉండేది. ఆ పద్ధతి వద్దనుకున్నాను. కలిపే ముందు ఉన్నదేమిటో తెలియాలి కదా. అందుకే నిల్వతోనే మొదలుపెట్టాను.

డిపాజిట్ రిజిస్టర్లు బయటికి తీయించాం. వాటిని బ్యాంకు స్టేట్‌మెంట్లతో, ట్రెజరీలో ఉండే పీడీ ఖాతా లెక్కతో సరిచూడటం మొదలుపెట్టాం. టెండరు వేసేటప్పుడు కాంట్రాక్టర్లు కట్టిన ఈఎండీలు, పని నాణ్యత కోసం వాళ్ల బిల్లుల్లోంచి ఆపిన ఎఫ్‌ఎస్‌డీలు, షాపుల అద్దెదారులు కట్టిన అడ్వాన్సులు అందులో ఉన్నాయి. ఇవన్నీ ఎప్పుడో ఒకప్పుడు తిరిగి ఇవ్వాల్సినవే. ఆస్తి పన్నుతో కలిపి వసూలు చేసే గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసలు. అది జిల్లా గ్రంథాలయ సంస్థది. ఇంటి ప్లాన్లకు కట్టించుకునే 1 శాతం లేబర్ సెస్సు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి పోవాలి. కార్మికుల జీతాల్లోంచి కోసిన పీఎఫ్, ఈఎస్‌ఐ ఉంటాయి. ఎవరో ప్రజాప్రతినిధి నిధులిచ్చి ఫలానా కమ్యూనిటీ హాలు కట్టమంటే ఆ డబ్బూ ఇందులోనే జమవుతుంది.

అన్నిటికంటే పెద్దది 15వ ఆర్థిక సంఘం గ్రాంటు. మాలాంటి ఊళ్లకు అప్పట్లో వచ్చే ఆ గ్రాంటులో 60 శాతం టైడ్ గ్రాంటు, అంటే చెప్పిన పనులకే వాడాల్సినది. తాగునీరు, వాననీటి సంరక్షణ ఒక భాగం, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ ఇంకో భాగం. ఆ డబ్బుతో రోడ్డు వేయడానికి లేదు. మిగిలిన 40 శాతాన్ని ఊరి అవసరాలకు వాడుకోవచ్చు గానీ జీతాలకు పనికిరాదు. గ్రాంటు రావాలంటే ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్లో పెట్టాలి, ఆస్తి పన్ను వసూళ్లు రాష్ట్ర ఆర్థిక వృద్ధికి తగ్గట్టు పెరగాలి. అందుకే మా విభాగం ఒక ఏడాది వెనకబడితే దాని ఫలితం పైపులైన్ పనుల్లో కనిపిస్తుంది.

ఇవన్నీ ఒక్కొక్కటిగా తీసేశాక మిగిలినదే ఊరి సొంత డబ్బు. జీతాలకూ కరెంటుకూ అది రెండు నెలలకైనా సరిగ్గా సరిపోదు. ఈ లెక్కంతా ఒక్క పేజీలో వేశాను. ఎడమవైపు నిల్వ, కుడివైపు అది ఎవరికి చెందుతుందో, దేనికి వాడాలో. నిర్ణీత బడ్జెట్ నమూనాలో అలాంటి పేజీ లేదు. కమిషనర్ గారికి చూపించి, అనుబంధంగా పెడదామని అడిగాను. ఆయన ఆ కాగితం చాలాసేపు చూసి, "ఇది మొదటి పేజీ తర్వాతే పెట్టండి" అన్నారు.

ఇక ఆదాయం. ఊరి సొంత ఆదాయంలో పెద్దన్న ఆస్తి పన్నే. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి అద్దె విలువ ఆధారంగా కాకుండా ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. ఒక్కసారిగా భారం పడకుండా ఏడాదికి 15 శాతం మించి పెరగకూడదన్న పరిమితి ఉంది. కాబట్టి ఆ ఏడాది డిమాండ్, అంటే జనం కట్టాల్సిన పన్ను ఎంతన్నది కంప్యూటరే చెబుతుంది. కష్టమంతా దాంట్లో ఎంత వస్తుందో చెప్పడంలోనే ఉంది.

మా దగ్గర డీసీబీ అంటాం. డిమాండ్, వసూలు, బకాయి. ఊరి ఆర్థిక పరిస్థితి తెలుసుకోవాలంటే బడ్జెట్ పుస్తకం కంటే ఈ పట్టికే నమ్మదగింది. ఉదాహరణకి ఈ ఏడాది డిమాండ్ కోటి రూపాయలు, పాత బకాయి మరో కోటి అనుకుందాం. రెండూ కలిపి 90 శాతం వసూలవుతుందని రాస్తే ఆదాయం పక్కన 1.80 కోట్లు పడుతుంది. చేతికొచ్చేది కోటి. మధ్యలో ఉన్న 80 లక్షలకు మాత్రం పనులు మంజూరైపోతాయి. ఎస్టిమేట్లు వేస్తారు, టెండర్లు పిలుస్తారు, కాంట్రాక్టరు అప్పు తెచ్చి కాలువ కడతాడు, ఎం.బుక్ అనే కొలతల పుస్తకంలో కొలతలు ఎక్కుతాయి, బిల్లు మా బల్ల మీదికొస్తుంది. డబ్బుండదు. మరుసటి ఏడాది అతను ఆ ఊరి టెండరు వైపు చూడడు. చూసినా వడ్డీ కలిపి రేటు కోట్ చేస్తాడు. ఆదాయం పద్దులో పెంచి రాసిన ప్రతి రూపాయీ ఇలా ఎవరో ఒకరి నెత్తిన అప్పుగా కూర్చుంటుంది. నేను ఇన్నేళ్లలో చూసినవాటిలో ఊళ్లను ఎక్కువ దెబ్బతీసింది ఇదే అని నా గట్టి అభిప్రాయం. దొంగతనాల గురించి అందరూ మాట్లాడతారు. ఆశపడి రాసిన అంకె గురించి ఎవరూ మాట్లాడరు.

అందుకని బకాయిల జాబితాను వార్డు అడ్మినిస్ట్రేటివ్ సెక్రటరీలకు ఇచ్చి, ఇంటింటికీ సరిచూడమన్నాం. 2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు వచ్చిన తర్వాత పన్ను వసూలు పని చాలావరకు వాళ్లదే. వాళ్లు తెచ్చిన కాగితాలు చూస్తే కళ్లు తెరుచుకున్నాయి. అన్నదమ్ములు పంచుకున్న ఇంటికి రెండు అసెస్‌మెంట్లు (పన్ను నంబర్లు) వేసి, పాత నంబరు తీయకుండా వదిలేసినవి ఉన్నాయి. పడగొట్టి ఏళ్లయిన పెంకుటిళ్లకు ఇంకా పన్ను పడుతోంది. మూతపడ్డ రైసుమిల్లు మీద బకాయి వడ్డీతో పెరుగుతోంది. కోర్టులో నలుగుతున్నవి కొన్ని. ప్రభుత్వ కార్యాలయాల బాకీలు వేరే. వాటికి లేఖలు రాయడం తప్ప తాళం వేయలేం.

ఖాళీ స్థలాల పన్ను సంగతి ఇంకో తీరు. యజమానులు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. నోటీసు అంటించడానికి అక్కడ గోడ కూడా ఉండదు. స్థలం అమ్మాలన్నా ఇల్లు కట్టాలన్నా మా దగ్గరికి రాక తప్పదు కాబట్టి ఆ రోజు అంతా కలిపి కడతారు. అంటే ఆ ఆదాయం వస్తుంది గానీ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. కాబట్టి దాన్ని నమ్ముకుని జీతాల లెక్క వేయకూడదు.

బకాయిలను మూడు కుప్పలుగా చేశాం. గట్టిగా అడిగితే వచ్చేవి, వివాదంలో ఉన్నవి, అసలు ఆస్తే లేనివి. మొదటి కుప్పనే ఆదాయంలో చూపించాం. మూడో కుప్పను జాబితా నుంచి తీసేయడానికి రివిజన్ ప్రతిపాదనలు పెట్టాం.

పన్ను వసూలుకు మరో లక్షణం ఉంది. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోపు కడితే 5 శాతం రాయితీ. అందుకని ఏప్రిల్‌లో కౌంటరు దగ్గర వరస ఉంటుంది. పింఛనుదార్లు, టీచర్లు, మధ్యతరగతి వాళ్లు, రాయితీ కోసమే కాదు, బాకీ ఉంటే నిద్రపట్టని మనుషులు వచ్చి కట్టేస్తారు. తర్వాత నెలల తరబడి కౌంటరు ఖాళీ. మళ్లీ ఫిబ్రవరి, మార్చిలో ఊపు. బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది గానీ, కొన్నేళ్లలో ఏడాది చివర వడ్డీ మాఫీ ప్రకటిస్తారు. దాంతో పెద్ద బాకీదారులు మార్చి దాకా ఆగడం నేర్చుకున్నారు. వేళకు కట్టినవాళ్లకు అది అన్యాయంగానే అనిపిస్తుంది. కౌంటరు దగ్గర నిలబడి నన్ను అడిగినవాళ్లున్నారు.

మిగతా ఆదాయాలు తొందరగా చెప్పేస్తాను. నీటి ఛార్జీలు, ట్రేడ్ లైసెన్సులు, ప్లాన్ ఫీజులు, రిజిస్ట్రేషన్ల మీద వచ్చే సర్‌ఛార్జి వాటా. సినిమా హాళ్ల నుంచి వినోదపు పన్ను వాటా వచ్చేది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ఆ పద్దు ఎండిపోయింది. మున్సిపల్ షాపుల అద్దె మూడేళ్లకోసారి 33 శాతం పైచిలుకు పెంచి లీజు పొడిగించాలి, లేదంటే వేలం వేయాలి. చేపల మార్కెట్, కూరగాయల మార్కెట్ ఆశీలు పాట మార్చిలోపు పూర్తవ్వాలి. సర్కారు పాట, అంటే వేలం మొదలయ్యే కనీస ధర, మరీ ఎక్కువ పెడితే పాటదారులు కూడబలుక్కుని ఎవరూ రారు. అప్పుడు మన సిబ్బందే బుట్టకింత అని వసూలు చేయాలి. తక్కువ పెడితే ఆడిట్ పేరా, అంటే ఆడిటర్ల అభ్యంతరం వస్తుంది. గడిచిన మూడేళ్ల వసూళ్ల సగటు దగ్గర పెట్టుకుంటే మాటపడాల్సిన అవసరం ఉండదు.

ఖర్చులో తప్పించుకోలేనివి ముందు రాసేశాం. ఔట్‌సోర్సింగ్ కార్మికుల జీతాలు, కరెంటు బిల్లులు, వాహనాల డీజిల్, నీటి శుద్ధికి కావలసిన ఆలం (పటిక), క్లోరిన్, బ్లీచింగ్. ఈ నాలుగైదు పద్దుల్లోనే సొంత ఆదాయంలో చాలా భాగం అయిపోతుంది. కరెంటు లెక్క ఎప్పుడూ ఎవరూ విడమర్చి చూడలేదు. 20 హార్స్‌పవర్ మోటారు గంటకు దాదాపు 15 యూనిట్లు తాగుతుంది. రోజుకు 16 గంటలు నడిస్తే 240 యూనిట్లు, నెలకు 7,200. అలాంటివి ఎన్ని నడుస్తున్నాయో, ఎన్ని గంటలు నడుస్తున్నాయో వాటర్ వర్క్స్ ఫిట్టర్‌తో కూర్చుని రాసుకున్నాను. ఆ లెక్కకీ బిల్లుకీ తేడా వచ్చిన చోటల్లా వెళ్లి చూశాం. వాడకం మానేసిన బోరు మీద మీటరు ఇంకా ఉంది, కనీస ఛార్జీ పడుతూనే ఉంది. ఒక పంపుహౌస్‌లో కెపాసిటర్లు చెడిపోయి బిల్లు పెరుగుతోంది. ఇలాంటివి సరిచేయడానికి కౌన్సిల్ తీర్మానం కూడా అక్కర్లేదు.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వస్తాను. మా ఊరి బడ్జెట్‌కి గుండెకాయ అదే.

డెల్టా అంటే నీళ్లకు కొదవలేదనుకుంటారు. ధవళేశ్వరం నుంచి కాలువల్లో నీళ్లు పారుతున్నన్నాళ్లు నిజమే. రబీ పంట చేతికొచ్చాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేది జూన్‌లో. ఆ మధ్యకాలమంతా ఊరు బతకాల్సింది సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు మీద. భూమిలో నీళ్లు చాలాచోట్ల ఉప్పు. బోరు వేస్తే సరిపోదు.

ఈ ట్యాంకు లెక్క ప్రతి కౌన్సిలర్‌కీ తెలియాలని నా కోరిక. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 50,000 మందికి రోజుకు 67.5 లక్షల లీటర్లు. 60 రోజులకు 40.5 కోట్ల లీటర్లు. నాలుగు మీటర్ల లోతున నిలబెట్టాలంటే పాతిక ఎకరాల నీటి విస్తీర్ణం కావాలి. ఎండకు ఆవిరయ్యేదీ, గట్ల కింద ఇంకిపోయేదీ ఇందులో లేదు. అడుగున పూడిక పేరుకుంటే ఆ మేరకు రోజులు తగ్గిపోతాయి. చిన్న ఊళ్లలో చాలావాటికి అంత ట్యాంకు లేదు. ఉన్న నీళ్లను రోజు విడిచి రోజు ఇవ్వడమే దారి. మే నెల వచ్చేసరికి నీటిమట్టం తగ్గి, నాచు పట్టి, రంగు మారుతుంది. అప్పుడు ఆలం, క్లోరిన్ ఎక్కువ పడతాయి. కాలువ చివరి వార్డులకు పైపులో ఒత్తిడి ఉండదు కాబట్టి ట్యాంకర్లు పంపాలి.

అంటే ఊరికి నీళ్ల ఖర్చు ఎక్కువయ్యే మే, జూన్ నెలలే పన్ను వసూళ్లు అడుగంటే నెలలు. ఏప్రిల్ రాయితీ డబ్బు వచ్చిన ఊపులో పాత బిల్లులు కొన్ని చెల్లిస్తే, మే చివర్లో ఆలంకు డబ్బుండదు. ఏడాది మొత్తం మీద ఆదాయం, ఖర్చు సరిపోయినట్టే పుస్తకం చూపిస్తుంది. ఏ నెలలో ఎండిపోతామో చూపించదు. ఇది నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది నెలవారీ పట్టిక వేసినప్పుడే. పన్నెండు నిలువు గడులు, గత మూడేళ్ల వాస్తవ వసూళ్లు, ఖర్చులు. రెండో అనుబంధంగా అది పెట్టాను. ఏప్రిల్‌లో వచ్చే ఆస్తి పన్నులోంచి వేసవి నీటికి కావలసినంత ముందే పక్కన పెట్టాలని, జూన్ అయ్యేదాకా దాన్ని ముట్టకూడదని ఒక షరతు ప్రతిపాదించాం.

మరమ్మతుల సంగతి ఇంకా చిత్రమైన ముడి. ట్యాంకులోకి కాలువ నీళ్లు తెచ్చే తూము గేటు పాడైంది. గుర్రపుడెక్క అడ్డుపడి, షట్టరు పూర్తిగా దిగక, నింపేటప్పుడు నీళ్లు వెనక్కి పోతున్నాయి. ఆ గేటు పని కాలువ ఎండినప్పుడే చేయాలి. అంటే ఏప్రిల్ తర్వాత, జూన్ ముందు. టెండరు పిలిచి ఒప్పందం కుదరడానికే వారాలు పడుతుంది. ఏప్రిల్‌లో కొత్త బడ్జెట్ అమల్లోకి వచ్చాక మొదలుపెడితే కాలువకు నీళ్లు వచ్చేస్తాయి. కాబట్టి ఫిబ్రవరిలోనే టెండరు ముగియాలి. 2023లో అది మాకు కుదరలేదు. బడ్జెట్‌లో పద్దు పెట్టుకున్నాం, పని మాత్రం మరుసటి వేసవికే అని తెలుసు.

పారిశుద్ధ్యం పద్దులో ఒక్క విషయం మీద పట్టుబట్టాను. కార్మికులకు ఇవ్వాల్సిన సబ్బులు, కొబ్బరినూనె, చెప్పులు, యూనిఫాం, గ్లౌజులు. డబ్బు తక్కువైనప్పుడల్లా మొదట వాయిదా పడేది ఈ పద్దే. ఎందుకంటే దానికోసం బల్ల గుద్దే కాంట్రాక్టరు ఎవరూ ఉండరు. తెల్లవారుజామున వీధులు ఊడ్చేవాళ్లు, చేతులతో సిల్టు ఎత్తేవాళ్లు ఊళ్లో ఎవరికంటే ఎక్కువ రోగాలకు దగ్గరగా ఉంటారు. మనిషికి రోజుకు సుమారు 300 గ్రాముల చెత్త అనుకున్నా 50,000 జనాభాకు 15 టన్నులు. అది ప్రతిరోజూ ఊరు దాటాలి. ఎత్తే చేతులకు సబ్బు ఇవ్వలేమంటే ఆ పుస్తకానికి అర్థం లేదు. ఈ పద్దును జీతాలతో పాటు తప్పనిసరి ఖర్చుల్లో చేర్చాం. మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు ఇండెంటు మీద సంతకం పెడుతూ, "ఇది నిలబెట్టండమ్మా, మిగతావి వాళ్లు సర్దుకుంటారు" అన్నారు.

బడ్జెట్ ప్రత్యేక సమావేశం వేడిగానే సాగింది. ముందు ఏడాది అంచనా కంటే మొత్తం తక్కువ కనిపించేసరికి ఒక సీనియర్ కౌన్సిలర్ గారు లేచారు. "పక్క మున్సిపాలిటీ బడ్జెట్ మనకంటే పెద్దది. మనం ఏటికేడాది తగ్గితే ఊళ్లో తలెత్తుకోగలమా?" అన్నారు. ఆయన మాటకు బల్లలు చరిచినవాళ్లూ ఉన్నారు. వార్డుకింత అని సమానంగా పంచేయమన్నారు కొందరు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. గెలిచి రెండేళ్లయింది, వీధిలో జనం నిలదీస్తున్నారు, చూపించడానికి ఒక సీసీ రోడ్డైనా కావాలి.

చైర్‌పర్సన్ గారు నన్ను వివరించమన్నారు. నిల్వ పేజీ తెరవమని అందరినీ కోరాను. ఒక్కో వరసా చదివాను. ఇది కాంట్రాక్టర్ల డిపాజిట్, ఇది గ్రంథాలయానిది, ఇది నీటి పనులకే వాడాలి, ఇది మనది. గొడవ సద్దుమణగలేదు గానీ ప్రశ్నలు మారాయి. "ఆ టైడ్ గ్రాంటు ఇంకా ఖర్చు కాకుండా ఎందుకుంది?" అని ఒకరు అడిగారు. చాలా మంచి ప్రశ్న. పైపులైను ఎస్టిమేటు సాంకేతిక మంజూరు కోసం ఆగి ఉందని ఇంజినీర్ గారు చెప్పాల్సి వచ్చింది. ఎప్పటికి తెస్తారో తేదీతో సహా మినిట్స్‌లో రాయించుకున్నారు.

చివరి వరసలోంచి ఒక కౌన్సిలరమ్మ లేచారు. ఆవిడది కాలువ అవతలి వార్డు. అప్పటిదాకా సమావేశాల్లో ఆవిడ మాట్లాడటం నేను పెద్దగా వినలేదు. "మేడంగారండీ, మా వీధికి నీళ్లెక్కవండి. మే నెల్లో బిందెలు పట్టుకుని రోడ్డు మీద కూర్చుంటామండి. ఈ పుస్తకంలో మా వీధి ఎక్కడుందో చూపించండి" అన్నారు. నెలవారీ పట్టిక తీసి మే, జూన్ గడులు చూపించాను. ట్యాంకర్ల పద్దు, ఆలం పద్దు, దానికోసం ఏప్రిల్‌లో పక్కన పెట్టే డబ్బు. ఆవిడ వేలు పెట్టి చదువుకున్నారు. "ఐతే ఈ డబ్బు తీసి ఇంకోదానికి పెట్టొద్దని రాయండి" అన్నారు. ఆ షరతు ఆవిడ ప్రతిపాదనగానే తీర్మానంలోకి ఎక్కింది.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. పనులను రెండు జాబితాలుగా విడగొట్టాం. మొదటి జాబితాకు వెంటనే టెండర్లు. రెండో జాబితా సెప్టెంబరు దాకా ఆగాలి. అప్పటికి అర్ధ సంవత్సరపు వసూళ్లు ఎంత వచ్చాయో డీసీబీ కౌన్సిల్ ముందు పెట్టి, వచ్చినంతకే రెండో జాబితా నుంచి పనులు తీసుకోవాలి. ఏ పని ముందో వరస కూడా ఆ రోజే రాసుకున్నాం. డబ్బొచ్చాక వరస పెడితే బలమున్నవాళ్ల వీధే ముందుకొస్తుంది. సీనియర్ కౌన్సిలర్ గారు అసమ్మతి నమోదు చేయించారు. అది ఆయన హక్కు.

2023 వేసవిలో అనుకున్నట్టే కాలువలు కట్టేశారు. నీళ్లు రోజు విడిచి రోజు ఇచ్చాం. మే మధ్యలో ఫిల్టర్ బెడ్ల దగ్గర పంపు మోటారు వైండింగ్ కాలిపోయింది. మామూలుగా ఐతే రిపేరు షాపువాడికి పాత బాకీ ఉండి, అతను మోటారు ముట్టుకోను అనేవాడు. ఈసారి పక్కన పెట్టిన డబ్బుంది. మోటారు తిరిగి బిగించేదాకా స్టాండ్‌బై మీద నడిపాం. ట్యాంకర్లు అవతలి వార్డుకు వేళకే వెళ్లాయి. వేసవి హాయిగా గడిచిందని చెప్పను. రంగు మారిన నీళ్ల మీద ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. తూము గేటు బాగుంటే ఇంకొన్ని రోజుల నీళ్లు దక్కేవి.

సెప్టెంబరు సమీక్షలో వసూళ్లు అంచనాకు దగ్గరగా ఉన్నాయి. రెండో జాబితాలో సగం పనులకు అనుమతి ఇచ్చారు. మిగతా సగం ఎందుకు ఆగిందో అందరికీ కాగితం మీద కనిపిస్తోంది కాబట్టి పోట్లాట లేదు. నాకు ఎక్కువ సంతోషం కలిగించింది టెండర్లు. ముందు ఏళ్లలో ఒకే ఒక్కరు వచ్చి ఎస్టిమేటుకు మించి కోట్ చేసేవారు. ఈసారి మొదటి జాబితా బిల్లులు నిలబడకుండా చెల్లించామన్న కబురు వెళ్లింది. ముగ్గురు నలుగురు వేశారు, ఎస్టిమేటు కంటే తక్కువకు వేశారు.

డిసెంబరు చివర్లో రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సమ్మెలోకి వెళ్లారు. జనవరి దాకా సాగింది. మా ఊళ్లోనూ చెత్త పేరుకుపోయింది. సంక్రాంతి ముందు మార్కెట్ వీధిలో నడవలేని పరిస్థితి. జీతం, ఉద్యోగ భద్రత వాళ్ల డిమాండ్లు. వాళ్ల జీతాల పద్దు ఏటా నా చేత్తో రాస్తాను. అందులో ఒక కుటుంబం ఎలా నెట్టుకొస్తుందో నాకు తెలుసు. మా కౌన్సిల్ చేతిలో లేని విషయాలవి. చేతిలో ఉన్న సబ్బులు, నూనె, చెప్పులు మాత్రం ఆ ఏడాది బకాయి లేవు. సమ్మె శిబిరంలో వాళ్లు చదివిన డిమాండ్ల కాగితంలో మా ఊరి స్థానిక డిమాండ్ల కింద ఆ పద్దు కనిపించలేదు.

ఫిబ్రవరిలో సవరించిన అంచనాలు, 2024-25 బడ్జెట్ ఒకేసారి తయారుచేశాం. అంచనాకూ వాస్తవానికీ ఉన్న తేడాను ప్రతి పద్దు పక్కనా కారణంతో రాశాం. నిల్వ పేజీని, నెలవారీ పట్టికను ఎవరూ అడక్కుండానే కౌన్సిలర్లు మొదట తెరిచారు. మీ ఊళ్లో కూడా ఈ రెండూ అడిగి తీసుకోవచ్చు. డీసీబీ కూడా అడగండి. సమాచార హక్కు చట్టం కింద ఇవి దాచాల్సిన కాగితాలు కావు. వార్డు సచివాలయంలోనో ఆఫీసులోనో నోరు తెరిచి అడిగితే ఇచ్చేవాళ్లున్నారు. నా దగ్గరికి అలా వచ్చిన మొదటి మనిషి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. గంటసేపు కూర్చుని నా కూడికలు సరిచూసి వెళ్లారు.

తూము గేటు టెండరు ఈసారి ఫిబ్రవరిలోనే పిలిచి, మార్చి మొదటి వారంలో ఒప్పందం రాయించాం. మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చి కోడ్ అమల్లోకి వచ్చింది. కొత్త పనులన్నీ ఆగాయి. ముందే ఒప్పందం అయి, పని కూడా ప్రారంభమై ఉంది కాబట్టి గేటుకు అడ్డు రాలేదు. కాలువ ఎండగానే పాత షట్టరు ఊడదీశారు. నీళ్లు వదిలేలోపు కొత్తది బిగించారు. గుర్రపుడెక్క ఆగడానికి ముందు ఇనుప జాలీ కూడా పెట్టించాం. కొలతలు ఎం.బుక్‌లో ఎక్కిన నెలలోనే బిల్లు చెల్లించాం.